గొంతు కింద గొంతు

పెద్దన్న చెప్పులు మెట్టు కింద విడిచి లోపలికి వచ్చి, చొక్కా జేబులో నుంచి సీడీ తీసి బల్ల మీద పెట్టాడు. కవరు మీద మహేశ్వరి తన చేత్తో రాసిన ‘ఓబులమ్మ, కువైటు’ అన్న అక్షరాలు చెమటకు అలుక్కుపోయి ఉన్నాయి.

“ఆడలేదా చిన్నాయనా?” అని అడిగింది మహేశ్వరి.

“ఆడింది పాపా. ఆడకపోయింటేనే బాగుండు.”

మైదుకూరు బస్టాండు ఎదురు వీధిలో ఉన్న ఆ కంప్యూటరు అంగడిలో పెండ్లిపత్రికలు తయారు చేస్తారు, దరఖాస్తులు టైపు చేస్తారు, పాత క్యాసెట్లను సీడీలుగా మార్చి ఇస్తారు. క్యాసెట్ల పని మహేశ్వరిది. పోయిన వారం పెద్దన్న తెచ్చిన క్యాసెట్టు పన్నెండేండ్ల నాటిది. కువైటులో ఇంటిపనికి పోయిన అతని భార్య ఓబులమ్మ, జాబు రాయడం రాక, తన మాటలు రికార్డు చేసి ఊరికొచ్చే మనిషి చేత పంపింది. ఆ తర్వాత రెండేండ్లకు జ్వరం వచ్చి అక్కడే చనిపోయింది. ఆమెది ఇంకో క్యాసెట్టు లేదు.

పెద్దన్న కూచోలేదు. నిలబడే చెప్పాడు. ఆదివారం పొద్దున పక్కింటివాళ్ళ సీడీ ప్లేయరులో పెట్టుకుని అందరూ విన్నారు. కూతురు సుగుణ దీనికోసమే కర్నూలులో నర్సు ట్రైనింగు నుంచి వచ్చింది. తల్లి కువైటుకు పోయేటప్పుడు ఆ పిల్లకు ఐదేండ్లు. గొంతు గుర్తు లేదు.

“మా ఆడమనిషి మాట్లాడతాంటే, దాని గొంతు కింద ఎవరో మొగోడు మాట్లాడతాండాడు. సన్నంగా. మాట తెలీదు. మొగోడని మాత్రం తెలుస్తాది.”

“మొగోడా?”

“ఆ. నేనేమో ఇదేదో మిషను సద్దనుకుంటి. మా అక్క నాగలక్ష్మమ్మ లేసి నిలబడె. ‘రూములో ఎవుర్ని పెట్టుకోని మాట్లాడినాదిరా నీ పెండ్లాము’ అనె. అందురి ముందర.”

కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని పెండ్లిపత్రిక సరిచూసుకుంటున్న కిరణ్‌కుమార్ తల ఎత్తాడు. అంగడి అతనిదే. ముప్పై ఏండ్లుంటాయి. మాటకు ముందు కళ్ళజోడు పైకి తోసుకోవడం అలవాటు.

“మహేశ్వరీ, రికార్డింగు పెట్టి నువ్వు రేడియో వింటాంటివా?”

“నాకు రేడియో యాడిదన్నా?”

“ఉంటే చెప్తావా?” అతను లేచి వచ్చి ఆమె బల్ల సొరుగు లాగాడు. దువ్వెన, టిఫిను చెంచా, మూత పోయిన పెన్ను, కోసిగి నుంచి వచ్చిన ఒక కార్డు. వాటిని అటూ ఇటూ జరిపి సొరుగు మూశాడు. “ఇంటికి తీస్కపోయింటావు. చూడు, పల్లెటూరోల్లు నమ్మి ఇచ్చిన వస్తువు. ఇంకొక మాట వచ్చిందంటే నీ దారి నువ్వు చూసుకో.”

పత్రికల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడ్డారు. మహేశ్వరి సొరుగును ఇంకోసారి లోపలికి నెట్టింది. అది పూర్తిగా మూసే ఉంది.

ఆమె అమ్మా నాయినా ప్రతి ఏడూ మాదిరే కోసిగిలో ఇల్లు మూసి గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోయి ఉన్నారు. ఈ పని పోతే తను కూడా మూట కట్టుకుని లారీ ఎక్కవలసిందే. అది ఆమెకు కొత్తగా తోచిన సంగతి కాదు. కిరణ్‌కుమార్ గొంతు పెంచినప్పుడల్లా తోచేదే.

పెద్దన్న మాత్రం రేడియో మాట పట్టించుకోలేదు. “మా అక్కే సుగుణను సాకింది పాపా. మా అక్క ఏమంటే దానికి అదే. ఆ పిల్ల ఒక్క మాట అడగలే. అన్నం తట్ట పక్కకు జరిపి లేసిపాయ. తెల్లారి బస్సెక్కె.” బల్ల మీది సీడీ కవరు తిప్పి పెట్టాడు. “నేను పన్నెండేండ్ల కింద వింటి దీన్ని. రెండుసార్లో మూడుసార్లో. టేపురికార్డరు చెడిపోయినంక మల్లా వినలే. అప్పుడు మొగోని గొంతు ఉండిందో లేదో గ్యాపకం చేసుకుంటాండా. రాలేదు.”

చివరి మాట చెప్పేటప్పుడు అతను ఆమె వైపు చూడలేదు.

కిరణ్‌కుమార్ ఒంటిగంటకు ముందే భోజనానికి పోతాడు. తిని, ఒక కునుకు తీసి, మూడున్నరకు వస్తాడు. ఆ రోజూ అట్లే పోయాడు. పెద్దన్న గడప పక్కన కూచుని ఉన్నాడు. అంగడిలో ఎవరూ లేరు. మహేశ్వరి సీడీ కంప్యూటరులో వేసి వినసాగింది.

ఓబులమ్మ గొంతు బొంగురుగా ఉంది. పచ్చగౌను పంపానని, అంచు కింద రెండంగుళాల మడత ఉందని, పాప ఎదిగితే ఇప్పమని చెప్తోంది. ఆ మాటల అడుగున, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు మగగొంతు. నిజమే. పెద్దన్న చెప్పినట్టే ఉంది.

మహేశ్వరి సీడీ ఆపింది.

ఓబులమ్మ ఆగింది. మగగొంతు ఆగలేదు.

పెద్దన్న లేచి నిలబడ్డాడు. మహేశ్వరి తెర వైపు చూసింది. ఏ పాటా ఆడటం లేదు. కంప్యూటరు మొత్తం ఆపేసింది. తెర నల్లబడింది. మూలన ఉన్న స్పీకర్ల ఎర్రదీపం మాత్రం వెలుగుతోంది. గొంతు వస్తూనే ఉంది. ఆమె పోయి స్పీకరుకు చెవి ఆనించింది. పెద్దన్నను రమ్మని చేత్తో పిలిచింది. అతను కండువా భుజం మీద సర్దుకుని వంగాడు.

“...కొమ్ము మెత్తబడిందో లేదో పుల్లతో గుచ్చి చూసుకోవాలి... ఎక్కువ ఉడికితే రంగు...”

“పసుపు ఉడకబెట్టేది చెప్తాండాడు,” అన్నాడు పెద్దన్న నెమ్మదిగా. “ఇది రేడియోలో రైతుల ప్రోగ్రాము గద పాపా.”

“ఈడ రేడియో లేదు చిన్నాయనా. నువ్వే చూడు. బల్ల కింద కూడా చూడు.”

అతను నిజంగానే వంగి చూశాడు. మళ్ళీ స్పీకరుకు చెవి పెట్టాడు. పసుపు సంగతి అయిపోయి పాట మొదలయ్యే దాకా తీయలేదు. తర్వాత చెప్పులేసుకుని, “మా అక్కకు చెప్తా” అని పోయాడు.

మరునాడు పొద్దున్నే ఫోను చేశాడు. అక్క నమ్మలేదు. రేడియో లేకుండా రేడియో పలికిందంటే ఎవరు నమ్ముతారు అంది. పసుపు మాటే అయితే కువైటులో డ్రైవర్లంతా మన పక్కవాళ్ళే, వాళ్ళకు పసుపు చేన్లు లేవా అంది. “పన్నెండేండ్లు నమ్మితివి, ఇంగా నమ్ము” అని కూడా అందట.

“ఆమెనే పిల్చుకోని రా చిన్నాయనా. ఆమె చెవులతోనే విననీ.”

“చెప్పి చూస్తా,” అన్నాడు.

బుధవారం కిరణ్‌కుమార్ అన్నానికి పోగానే మహేశ్వరి పని మొదలు పెట్టింది. ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు మగగొంతు వచ్చింది. ఆమె స్పీకరు మీది గుండీ సున్నాకు తిప్పింది. గొంతు తగ్గింది గాని పోలేదు. కరెంటు వైరు పీకితే ఆగిపోయింది. మళ్ళీ పెడితే వచ్చింది. కంప్యూటరు వెనక నుంచి వచ్చే వైరును పిడికిట్లో పట్టుకుంటే సన్నగిల్లింది. వదిలితే పెరిగింది. అట్లా పట్టుకుని వదిలి, పట్టుకుని వదిలి, వైరు ఎటు పోతే అటు గోడ వెంట నడిచింది.

రెండు నెలల కిందటి దాకా టేపురికార్డరు, స్పీకర్లు, కంప్యూటరు ఒకే బల్ల మీద ఉండేవి. కిరణ్‌కుమార్ వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. కరెంటు సామాన్లు అగ్నిమూలలో ఉండాలని, కంప్యూటరు చదువుకు సంబంధించింది గనుక ఈశాన్యంలో ఉండాలని ఆయన చెప్పాడు. టేపురికార్డరు, స్పీకర్లు ఆ మూలకు పోయాయి. కంప్యూటరు ఈ మూలకు వచ్చింది. మధ్య ఇరవై అడుగులు. కాలింగుబెల్లుకు వాడే జంట వైరు తెచ్చి, గోడ పైన మేకులు కొట్టి, రెండు వరసలు లాగారు. ఒకటి క్యాసెట్టు మాటలను కంప్యూటరుకు తెచ్చేది, ఒకటి కంప్యూటరు పాటలను స్పీకర్లకు తీసుకుపోయేది.

ఎదురు అంగడిలో టీవీలు బాగుచేసే గాబ్రియేలును పిలిచింది. అతను గడపలో నిలబడి గోడ వైపు ఒకసారి చూసి నవ్వాడు.

“ఈ వైరు ఎవురు లాగినారు పాపా?”

“సిద్ధాంతి.”

“ఆయప్పకు ఒక డిప్లొమా ఇయ్యాల. ఇది వైరు గాదు, ఏరియలు. వెనకటి దినాల్లో రేడియోకి మేము మిద్దె మీద కట్టేది గూడా ఇంత పొడుగు ఉండదు.” లోపలికి వచ్చి వైరు వేలితో మీటాడు. “కడప స్టేషను ఈడికి ఎంత దూరముండాది? దీనికి జల్లెడ మాదిరి తొడుగు ల్యా. గాల్లో ఉండేదంతా పట్టుకుంటాది. స్పీకర్లో పలుకుతాది, నీ రికార్డింగులో గూడా కలుస్తాది. టేపురికార్డరు తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టు, మూరెడు తొడుగు వైరు ఇస్తా. పోతాది.”

అతనికే క్యాసెట్టు కూడా చూపించింది. గాబ్రియేలు దాన్ని వెలుగుకు ఎత్తి పట్టి, పెన్ను దూర్చి చక్రం రెండు చుట్లు తిప్పాడు. వేలికి గోధుమరంగు పొడి అంటింది.

“పెచ్చులు లేస్తాండాది. పోయినసారి ఆడిందే గొప్ప. ఇంగొక్కసారి ఆడితే ఆడతాది. ఆ పైన నేను చెప్పలేను.”

సాయంత్రం కిరణ్‌కుమార్‌తో మహేశ్వరి జరిగిందంతా చెప్పింది. అతను టైపు చేయడం ఆపలేదు.

“కంప్యూటరు ఆపేసినంక రేడియో పలికిందా?”

“పలికిందన్నా. రేపు ఒంటిగంటకు ఒక పది నిమిషాలు ఉంటే నువ్వే వింటావు.”

“అన్నం మానుకోని?” అన్నాడు. “చూడు, అగ్నిమూలలో పెట్టినప్పటి నుంచే ఈ అంగడికి మనుషులు వచ్చేది. దాన్ని మాత్రం కదిలించొద్దు. నీ తప్పు కప్పుకోవడానికి నా వాస్తు చెడగొట్టాల్నా?”

పక్కన పీట మీద కూచుని పత్రికలకు పసుపు అంచు పూస్తున్న అతని తల్లి రాజ్యలక్ష్మమ్మ తల ఎత్తకుండానే అంది. “కంప్యూటరు గూడా కరెంటుతోనే గదరా ఆడేది. మరి దాన్నెందుకు ఈ మూలకు తోసినావు?”

“నీకు తెలీదులే మా.”

“నాకు తెలీదు. కరెంటు పోయినప్పుడు నీ సరస్వతి గమ్మునుంటాది, అంతమటుకు తెలుసు.”

గురువారం మహేశ్వరి ఆర్డర్ల పుస్తకం చివరి పేజీలో రాసుకుంటూ కూచుంది. మంగళవారం నుంచి రాస్తున్నదే. 1.05 రైతుల మాటలు. 1.30 పాటలు. 2.10 వార్తలు. 2.20 ఆడవాళ్ళ ప్రోగ్రాము. 3.00 ఏమీ లేదు. రెండు రోజులూ మూడు గంటలకు గీత గీసినట్టు ఆగిపోయింది. సాయంత్రం ఐదున్నరకు మళ్ళీ మొదలవుతుంది గాని, ఆ వేళకు అంగడిలో కంప్యూటరు నేర్చుకునే పిల్లలుంటారు, పాటలు పెట్టి ఉంటాయి, ప్రింటరు అరుస్తూ ఉంటుంది. కింద గొంతు ఎవరికీ వినపడదు. పొద్దున ప్రసారం అంగడి తెరవక ముందే అయిపోతుంది. మధ్యాహ్నం తను ఒక్కతే ఉన్నప్పుడు స్పీకర్లు ఆపేసే ఉంటాయి. ఇన్నాళ్ళూ తమకు ఎందుకు తెలియలేదో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఓబులమ్మ క్యాసెట్టును తను ఎక్కించింది సరిగ్గా ఒంటిగంటకు. అందరూ అన్నానికి పోయి నిశ్శబ్దంగా ఉంటుందని ఎంచుకున్న సమయం.

గాబ్రియేలు అంగడికి పోయి పేపరులో రేడియో వేళలు కూడా చూసి వచ్చింది. సరిపోయాయి.

అంటే టేపురికార్డరును కదిలించనక్కరలేదు. మూడు దాటిన తర్వాత ఆడిస్తే చాలు. ఆ రెండున్నర గంటలూ గాలిలో ఎవరూ మాట్లాడరు.

కొడుకు పోయాక రాజ్యలక్ష్మమ్మ అంగడి చూసుకోవడానికి వచ్చింది. మహేశ్వరి ఆమెను స్పీకరు దగ్గరికి తీసుకుపోయింది. ముసలామె చెవిపోగు పక్కకు తీసి చెవి ఆనించింది. ఆ రోజు నిమ్మచెట్లకు గజ్జితెగులు గురించి చెప్తున్నారు.

“అమ్మా, బాగా చెప్తాండాడే,” అంది. కంప్యూటరు ప్లగ్గు పీకి ఉండటం చూసింది. మళ్ళీ విన్నది. “మావాడు సిద్ధాంతిని పిల్చి రేడియో స్టేషను పెట్టించినాడు చూడు. ఏం కోసిగమ్మాయీ, మరి వానికెందుకు చూపియ్యవు?”

“అన్న ఈ పొద్దులో ఉండడు గదవ్వా.”

“ఆ, నిద్ర వానికి లగ్నం మాదిరి. తప్పితే మల్లా రాదు.”

ఆ సాయంత్రం పెద్దన్న ఫోను చేశాడు. అక్క వస్తానంది. పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం నాలుగున్నర బస్సుకు తిరిగి పోతారు. వాళ్ళ పల్లెకు దినానికి రెండే బస్సులు. మహేశ్వరి లెక్క వేసుకుంది. ఒంటిగంటకు రేడియో వినిపించాలి. మూడుంబావుకు క్యాసెట్టు ఆడించాలి. ఇరవై నిమిషాల టేపు. సీడీ చేసి ఇవ్వడానికి ఐదు నిమిషాలు. అన్నీ సరిపోతాయి.

“మా అక్క ఒకటి చెప్పమనె పాపా,” అన్నాడు పెద్దన్న. “వినపడకపోతే మాత్రం ఇంగ ఆ పేరు మా ఇంట్లో ఎత్తొద్దంట. సుగుణకు గూడా అదే చెప్తాదంట.”

శుక్రవారం మహేశ్వరి అన్నం తినలేదు. పదకొండుకు రావలసిన బస్సు రాలేదు. పన్నెండుకు బస్టాండుకు పోయి అడిగి వచ్చింది. ఘాటు దగ్గర టైరు పోయిందన్నారు. దూది చుట్టిన పుల్లను స్పిరిటులో ముంచి టేపురికార్డరు లోపలి భాగాలు తుడిచింది. మళ్ళీ తుడిచింది. ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకు స్పీకర్లలో గొంతు వచ్చింది. ఖాళీ అంగడిలో ఎవరో పశువుల దాణా గురించి ఓపికగా చెప్పుకుంటూ పోయాడు. పాటలు వచ్చాయి. వార్తలు వచ్చాయి. మహేశ్వరి గడపలో నిలబడి వీధి చివరి దాకా చూస్తూనే ఉంది. వీపు వెనక ఆడవాళ్ళ ప్రోగ్రాము నడుస్తుండగా రాజ్యలక్ష్మమ్మ వచ్చి, “కుచ్చో పాపా, నువ్వు నిలబడితే బస్సు రాదు” అంది.

మూడు గంటలకు స్పీకర్లు మూగబోయాయి. మూడున్నరకు కిరణ్‌కుమార్ వచ్చాడు. ఇంకో పది నిమిషాలకు పసుపు మూటలు వేసుకుపోయే ట్రాక్టరు ఒకటి వీధి మొదట్లో ఆగింది. దాని మీద నుంచి పెద్దన్న దిగి, అక్కకు చేయి అందించాడు.

నాగలక్ష్మమ్మ చేయి పట్టుకోకుండానే దిగింది. సన్నగా, పొడుగ్గా ఉంది. చీర కుచ్చిళ్ళకు పసుపు దుమ్ము. అంగడిలోకి వచ్చి, చూపిన కుర్చీ వదిలి గోడకు ఆనుకుని నిలబడింది.

“యాడమ్మా నీ రేడియో? పలికించు,” అంది.

“ఇప్పుడు రాదు పెద్దమ్మా. మూడుకు ఆపేస్తారు. మల్లా ఐదున్నరకే.”

“ఐదున్నరకు మా బస్సు ఊర్లో ఉంటాది.”

“నిన్న విన్నాము పెద్దమ్మా, ఈ అవ్వ గూడా విన్నాది.”

“నిన్న అందరూ విన్నారు. మా తమ్ముడు గూడా విన్నాడు. నేను వచ్చినపొద్దు మాత్రం అది ఆగిపాయ.” ఆమె గొంతు పెంచలేదు. “బాగుండాది.”

పెద్దన్న కండువా చివర వేళ్ళకు చుట్టుకుంటున్నాడు. కిరణ్‌కుమార్ కళ్ళజోడు పైకి తోసుకుని మహేశ్వరి వైపు చూశాడు. గోడమీది గడియారం నాలుగుకు పది తక్కువ చూపుతోంది.

“ముందు క్యాసెట్టు వినండి,” అంది మహేశ్వరి. “ఇది ఇంగొక్కసారే ఆడతాది. ఈ పొద్దులో అయితే ఏమీ కలవదు.”

క్యాసెట్టును చేత్తో చుట్టి బిగువు సరిచేసి లోపల పెట్టింది. కంప్యూటరులో రికార్డింగు నొక్కి, ఇరవై అడుగులు నడిచి వచ్చి టేపు నొక్కింది. ఫ్యాను ఆపేసింది. స్పీకర్లలో ముందు గరగర, తర్వాత ఎవరో గొంతు సవరించుకోవడం.

“ఏమప్పా, బాగుండారా. నేను బాగుండా. వదినా, బాగుండావా. సుగుణకు పచ్చగౌను పంపినా. అంచు కింద రెండంగుళాలు మడిచి కుట్టించినా, ఎదిగితే ఇప్పండి. దానికి ఎడం చెవి చీము కారతాది, తలకు పోసేటప్పుడు దూది పెట్టండి. మర్సిపోవద్దండి.”

ఆ గొంతు కింద ఏమీ లేదు. వెనక ఎక్కడో ఒక తలుపు మూసిన చప్పుడు, గిన్నెలు తాకిన చప్పుడు, అంతే. అక్కడ నీళ్ళు బాగున్నాయని చెప్పింది. కొళాయి తిప్పితే చాలునని, తిప్పినప్పుడల్లా ఊర్లో బోరింగు దగ్గర వరస తలచుకుంటానని చెప్పింది. గేదెను అమ్మొద్దని చెప్పింది. ఏం చెప్పాలో తెలియక కాసేపు ఊరుకుంది. ఆ ఊరుకున్నప్పుడు టేపు తిరిగే సద్దు ఒక్కటే వినపడింది.

“వదినా, నేను బస్సెక్కినపొద్దు నువ్వు నాతో మాట్లాడలేదు. కిటికీలో నుంచి చూస్తాంటి. పాపను ఎత్తుకోని నువ్వు అటు తిరుక్కుంటివి. దాని మొగము నాకు కనపడనీలేదు. నాకు అప్పుడు శానా కోపమొచ్చింది. మల్లా అనుకుంటి. మంచిపని చేసినావు. చూసింటే నేను దిగిపోయిందును.”

నాగలక్ష్మమ్మ గోడకు ఆనుకుని ఉన్నదల్లా నెమ్మదిగా కిందికి జారి నేల మీద కూచుంది. టేపు ఇంకా నడుస్తోంది. ఎవరికి ఏం పంపిందో, ఎవరిని అడిగినట్టు చెప్పాలో ఓబులమ్మ చెప్తోంది. చివర ఒకసారి గొంతు పూర్తిగా అరిగిపోయి, గరగరలోకి కలిసిపోయింది. మహేశ్వరి ఇంకో నిమిషం ఆగి టేపు ఆపింది. క్యాసెట్టు తీసి చూస్తే టేపురికార్డరు మూత లోపల గోధుమరంగు పొడి రాలి ఉంది.

ఆమె కంప్యూటరు దగ్గరికి పోయి సీడీ పెట్టింది. పెట్టె లోపల చక్రం తిరగడం మొదలైంది. నాలుగు పదిహేను.

“మొగోని గొంతు లేదు గదక్కా,” అన్నాడు పెద్దన్న.

నాగలక్ష్మమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “లేదు.” టేపురికార్డరు వైపు చూసింది. “ఇప్పుడు లేదు. ఆదివారము ఉండె. నేను వింటి, సుగుణ వినె, ఊరంతా వినె. కంప్యూటరులో ఏమైనా తుడిపేయచ్చు అంటారు గద. తుడిపినారని సుగుణ అడిగితే నేనేం చెప్పాల? గాలిలో నుంచి రేడియో వచ్చి మీయమ్మ గొంతులో దూరిందని చెప్పాల్నా? అది చదువుకున్న పిల్ల. నాకే నోరు రాదు, దానికెట్ల చెప్పేది?”

ఆమె పోట్లాడటం లేదు. నిజంగానే అడుగుతోంది. మహేశ్వరి వైపు చూసి అడుగుతోంది. వీధిలో ఏదో బస్సు హారను వినపడగానే పెద్దన్న గడప దాకా పోయి చూసి వచ్చాడు. “మనది గాదు. ఇంగొచ్చేదే మనది,” అన్నాడు.

మహేశ్వరి గోడమీది వైర్ల వైపు చూసింది. గాబ్రియేలు చెప్పిన మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఏరియలు, తొడుగు, స్టేషను. ఒంటిగంటకు చెవి ఆనిస్తే ఒక్క క్షణంలో అర్థమయ్యే సంగతి. ఇప్పుడు ఎంత చెప్పినా వంకలాగే ఉంటుంది.

“పెద్దమ్మా, రేడియో నేనే పెట్టుకున్నా,” అంది.

పెద్దన్న గడప దగ్గర ఆగిపోయాడు.

“చిన్న రేడియో. ఒక్కదాన్నే కూచోని పని చేస్తాంటా గద, తోడుగా పెట్టుకుంటా. ఆ పొద్దు ఆపేది మర్సిపోతి. రైతుల ప్రోగ్రాము వస్తాండె. అది కలిసిపాయ. అన్న తిడతాడని ఇన్నిదినాలు చెప్పలేదు.”

నాగలక్ష్మమ్మకు అది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖంలో ఏదో సడలింది. ఆ వెంటనే లేచి నిలబడింది.

“ఆపొద్దే చెప్పింటే ఏమమ్మా నీ సొమ్ము పోయింది? ఐదు దినాలు మాకు ముద్ద దిగలేదు తెలుసునా? చచ్చినదాన్ని పట్టుకోని ఎన్ని మాటలంటిమి. నేనెన్ని మాటలంటి. నువ్వు పాట వినాలని, ఒక ఆడదాని పేరు ఊరి నోట్లో నానబెట్టినావు గదే తల్లీ.” ఆమె ఆగలేదు. నీకు అక్కాచెల్లెండ్లు లేరా అంది. చదువు చెప్పినోల్లు ఇదే నేర్పినారా అంది. తిడుతూనే చెంగు సర్దుకుంది, తిడుతూనే తలవెంట్రుకలు వెనక్కి దోపుకుంది. చివరికి, “సుగుణకు ఈపొద్దే ఫోను చెయ్యి పెద్దన్నా. బస్టాండులోనే చెయ్యి. వాల్ల హాస్టలు నంబరు ఉండాది గద,” అంది.

“ఉండాది,” అన్నాడు పెద్దన్న.

మహేశ్వరి సీడీని బట్టతో తుడిచి, కవరులో పెట్టి, పేరు రాసి అతనికి ఇచ్చింది. ఇంకోటి కూడా చేసి ఇచ్చింది, ఒకటి పోయినా ఒకటి ఉంటుందని. పెద్దన్న రెండింటినీ జేబులో పెట్టుకున్నాడు. మంగళవారం అతను తన పక్కనే వంగి పసుపు సంగతి మొత్తం విన్నాడు. బల్ల కింద చూశాడు. ఇప్పుడు ఆమె ముఖంలోకి చూశాడు, అక్క వైపు చూశాడు.

“పాపా,” అన్నాడు. చెప్పులు వేసుకుని అక్క వెనకాలే పోయాడు.

కిరణ్‌కుమార్ వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగాడు.

“మొదటిదినమే అంటి నేను. సొరుగు గూడా వెతికినా. నాకే ఎదురు చెప్తివి. వాస్తు అన్నావు, వైరు అన్నావు, ఆ గాబ్రియేలును తెచ్చినావు. రేపట్నుంచి రావద్దు మహేశ్వరీ. నీ వస్తువులు తీసుకో.”

మహేశ్వరి సొరుగు తెరిచి దువ్వెన, చెంచా సంచిలో వేసుకుంది. పెన్ను అంగడిది. వదిలేసింది. కార్డు తీసుకుంది.

రాజ్యలక్ష్మమ్మ పీట మీద నుంచి లేవలేదు. “పాపా, నువ్వాడ కుచ్చో. కిరణా, నువ్వు గూడా కుచ్చో,” అంది.

“నాకు పనుందమ్మా.”

“ఉండనీ. ఈ పొద్దు పిల్లలకు క్లాసు లేదని చెప్పు. పాటలు పెట్టొద్దు. ఆ ప్రింటరు మూయి. కంప్యూటరు ప్లగ్గు పీకెయ్యి.”

“ఎందుకు?”

“కుచ్చోరా అంటే కుచ్చో. నీకేం లగ్నమేమీ మించిపోలేదు.”

అతను విసుగ్గా కూచున్నాడు. ముసలామె మళ్ళీ పత్రికలు ముందుకు లాక్కుని, పసుపు గిన్నెలో వేలు ముంచి, ఒక్కొక్క మూలకే పూస్తూ పోయింది. పిల్లలిద్దరు వచ్చారు, క్లాసు లేదంటే సైకిళ్ళు తిప్పుకుని పోయారు. కిరణ్‌కుమార్ రెండుసార్లు గడియారం చూశాడు. మూడోసారి లేవబోతుంటే తల్లి చేయి అడ్డం పెట్టింది. మహేశ్వరి సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. కంప్యూటరు ఆగిపోయి ఉంది. దాని ప్లగ్గు నేల మీద ఉంది.

ఐదున్నరకు స్పీకర్లలో సన్నని హోరు వచ్చింది. ఒక ఆడగొంతు సమయం చెప్పింది. ఆ తర్వాత నాదస్వరం.

కిరణ్‌కుమార్ లేచాడు. నేల మీది ప్లగ్గు చూశాడు. స్పీకర్ల వెనక, బల్ల కింద, కిటికీ అవతల చూశాడు. స్పీకరు గుండీ తనే సున్నాకు తిప్పాడు. నాదస్వరం తగ్గిందే గాని ఆగలేదు. తల ఎత్తి గోడ పైన మేకుల వరస వెంట ఆ మూల నుంచి ఈ మూల దాకా చూపు నడిపించాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

“మరి నీకు రేడియో ల్యా?” అన్నాడు చివరికి.

“లేదన్నా.”

“లేని రేడియో ఉండాదని ఎందుకు ఒప్పుకుంటివి?”

మహేశ్వరి సంచి తాడు సరిచేసుకుంది.

“వాల్ల బస్సుకు టైమయింది గదన్నా,” అంది.